18446744073709551615: ఈ సంఖ్యని పెన్నూ కాగితంతో విప్పడం ఎలా

ఇంత పెద్ద సంఖ్య కనపడగానే అందరం చేసే మొదటి పని ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యడం, లేకపోతే ఎక్సెల్‌లో కొట్టడం, పని చెడేది కూడా సరిగ్గా అక్కడే. ఎక్సెల్‌లో =2^64-1 అని కొట్టి సెల్‌ని నంబర్ ఫార్మాట్‌లో పెట్టి చూడండి, 18446744073709600000 అని వస్తుంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే లెక్కలో ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలతో నింపేస్తుంది. బేసి సంఖ్య కాస్తా సరి సంఖ్య అయిపోయింది చూశారా, పైగా మనం తీసేసిన 1 ఎటు పోయిందో కూడా తెలీదు. ఇక దీన్ని 3తో భాగిస్తే శేషం ఎంత అని అదే ఎక్సెల్‌ని అడిగితే వచ్చే జవాబుకి అర్థమే ఉండదు. పైథాన్ ఉంటే 2**64-1 అని కొట్టండి, అది ఒక్క అంకె కూడా వదలకుండా ఇస్తుంది. కానీ ఈ సంఖ్యకి అదీ అవసరం లేదు, ఇంటర్ లెక్కలు గుర్తున్నవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుంటే దీని గురించి తెలుసుకోదగ్గవి దాదాపు అన్నీ చేత్తోనే తేల్చెయ్యచ్చు.

ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఈ సంఖ్య ఎలా తయారైంది? ఎక్కడో దొరికిన ఇరవై అంకెల సంఖ్యకీ, పుట్టుక తెలిసిన ఇరవై అంకెల సంఖ్యకీ చాలా తేడా ఉంది, మొదటిదైతే గుడ్డిగా భాగించుకుంటూ పోవాలి, రెండోదైతే పుట్టుకలోనే తాళంచెవి ఉంటుంది. మనది చదరంగం బల్ల మీద గింజల సంఖ్య. మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళు నింపితే మొత్తం గింజలు 1+2+4+8+...+2^63. దీనికి ఇంకొక్క గింజ కలిపి చూడండి: 1+1=2, దానికి రెండో గడి 2 కలిపితే 4, దానికి మూడో గడి 4 కలిపితే 8, ఇలా దొర్లుకుంటూ వెళ్ళి చివరికి 2^64 దగ్గర ఆగుతుంది. కాబట్టి అసలు మొత్తం 2^64 - 1. గుణశ్రేఢి సూత్రం గుర్తు లేకపోయినా పర్లేదు, ఈ ఒక్క గింజ ట్రిక్ చాలు.

ఈ సంఖ్యని గుర్తు పెట్టుకోడానికి మన తెలుగులో ఏకంగా ఒక చంపకమాల పద్యమే ఉంది, పాతకాలం మాస్టార్ల దగ్గర చదువుకున్నవాళ్ళు కొంతమందికి ఇప్పటికీ నోటికొచ్చు. అందులో అంకెలకి బదులు వస్తువుల పేర్లుంటాయి, ఒక్కో పేరుకి ఒక్కో అంకె. వరసగా శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శర 5, సాయక కూడా 5. చంద్రుడు ఒకడే కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు మూడూ 1. నవరంధ్రాలు 9, ఆకాశం అంటే సున్నా, కొండలు 7, అగ్నులు 3, సముద్రాలు 4, వేదాలు 4, తర్కాలు 6, బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8. షట్క అంటే ఎలాగూ 6. మొత్తం ఇరవై పేర్లు, ఇరవై అంకెలు. రాసుకునేటప్పుడు ఒక్కటి మర్చిపోకండి, ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, అంటే మొదట చెప్పిన శర ఒకట్ల స్థానం. 5,1,6,1,5,5,9,0,7,3,7,0,4,4,7,6,4,4,8,1 అని రాసుకుని తిరగేసి చదివితే మన సంఖ్య వచ్చేస్తుంది. ఎక్సెల్ 15 అంకెల దగ్గర చేతులెత్తేస్తే పద్యం ఇరవై అంకెలూ పొల్లు పోకుండా మోసుకొచ్చింది, నాకైతే ఇది భలే ముచ్చటగా ఉంటుంది.

సరే, సైజు ఎంత? 2 ఘాతానికి ఎన్ని అంకెలొస్తాయో తెలియాలంటే ఘాతాన్ని 0.30103తో గుణించండి, 64 × 0.30103 = 19.26 చిల్లర, పూర్ణాంకం భాగానికి ఒకటి కలిపితే 20 అంకెలు. చదవడం ఎలా అంటే 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615. బియ్యపు గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం దాదాపు 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, అంటే దగ్గర దగ్గర తొమ్మిది వందల ఏళ్ళ పంట.

అసలు ఈ సంఖ్యని సొంతంగా రాబట్టడం ఎలాగో చూద్దాం. 64 సార్లు రెట్టింపు చెయ్యక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోతే ఆరు మెట్లలో అయిపోతుంది: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాత దాని వర్గం. చివరి మెట్టు ఒక్కటే కాస్త బరువు, దాన్ని రెండు ముక్కలు చెయ్యండి, 42949 ఒక ముక్క, 67296 ఇంకో ముక్క. మొదటి ముక్క వర్గం 1844616601, దీని వెనక పది సున్నాలు పెట్టండి. రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808, దీని వెనక ఐదు సున్నాలు. రెండో ముక్క వర్గం 4528751616, దీనికి సున్నాలేం వద్దు. మూడూ కూడితే 18446744073709551616, అందులోంచి ఒకటి తీసెయ్యండి. (కూడేటప్పుడు గళ్ళ నోట్‌బుక్ వాడండి, తెల్ల కాగితం మీద స్థానాలు జరిగిపోతాయి.)

చేత్తో చేసిన లెక్క కరెక్టో కాదో చెక్ చెయ్యకుండా ముందుకెళ్ళొద్దు. రెండు చెక్‌లు చాలు. మొదటిది అంకెల మొత్తం: అన్నీ కూడితే 87, 8+7=15, 1+5=6, కాబట్టి 9తో భాగిస్తే శేషం 6 రావాలి. ఇటు వైపు నుంచి చూస్తే 2^6 = 64ని 9తో భాగిస్తే శేషం 1, అంటే ప్రతి ఆరు ఘాతాలకీ శేషం మళ్ళీ 1కి వచ్చేస్తుంది, 64లో ఆర్లు పది పోతే మిగిలేది 4, 2^4=16, శేషం 7, ఒకటి తీస్తే 6. కలిసింది. ఇక్కడే ఇంకో సంగతి కూడా తెలిసిపోయింది, 87ని 3 భాగిస్తుంది, 9 భాగించదు, కాబట్టి ఈ సంఖ్యలో 3 ఒక్కసారే ఉంది.

రెండో చెక్ నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది, 1001 చెక్. 7×11×13=1001 కాబట్టి సంఖ్యని కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి ఒకటి కూడి ఒకటి తీసుకుంటూ పోతే ఈ మూడింటి శేషాలూ ఒకే దెబ్బకి వస్తాయి. మన గుంపులు 18, 446, 744, 073, 709, 551, 615. కుడి నుంచి 615 - 551 + 709 - 73 + 744 - 446 + 18, వచ్చింది 1016, అందులో 1001 తీసేస్తే 15. ఇరవై అంకెల సంఖ్య 15కి దిగిపోయింది! 15ని 7తో భాగిస్తే శేషం 1, 11తో భాగిస్తే 4, 13తో భాగిస్తే 2. ఇప్పుడు ఘాతం వైపు నుంచి సరిచూడండి, 2^3=8ని 7తో భాగిస్తే శేషం 1, 64లో మూళ్ళు 21 పోతే 1 మిగులుతుంది, 2-1=1, సరిపోయింది. 11కి 2^10, 13కి 2^12 పట్టుకుంటే అవి కూడా 4, 2 అనే వస్తాయి. ఒక్క అంకె తప్పు రాసినా, పక్క పక్క అంకెలు తారుమారైనా ఈ చెక్‌లో దొరికిపోతుంది. 9 చెక్‌కి ఆ శక్తి లేదు, అంకెలు ఎటు మార్చినా మొత్తం అదే కదా.

ఇంక అసలు పని, కారణాంకాలు. ఎనిమిదో తరగతి సూత్రం ఒక్కటే కావాలి, a² - b² = (a-b)(a+b) అని రాసుకునేది, ఇక్కడ మాటల్లో చెప్పాలంటే రెండు వర్గాల తేడా ఎప్పుడూ వాటి తేడా ఇంటూ మొత్తం. 2^64 అంటే 2^32కి వర్గం, 1 అంటే 1కి వర్గం. కాబట్టి మన సంఖ్య (2^32-1) × (2^32+1). ఎడమ బ్రాకెట్ మళ్ళీ అదే రూపంలో ఉంది, దాన్ని మళ్ళీ విడగొట్టండి, అలా కిందకి దిగుతూ పోతే చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. ఆరింటినీ గుణిస్తే మన సంఖ్య. కింద నుంచి గుణించుకుంటూ వస్తే కూడా సరదాగా ఉంటుంది, 3×5=15, ×17=255, ×257=65535, ×65537=4294967295, ప్రతిసారీ వచ్చిన లబ్ధం తర్వాత గుణించబోయే సంఖ్య కన్నా సరిగ్గా 2 తక్కువ. ఈ ఆరింట్లో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదని దీన్నిబట్టే చెప్పచ్చు, ఎందుకంటే ఉంటే అది 2ని కూడా భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలాయె.

అయితే ఈ ఆరూ ప్రధాన సంఖ్యలేనా? వీటిని ఫెర్మా సంఖ్యలంటారు, 1640 ప్రాంతంలో ఫెర్మా అనే ఫ్రెంచ్ గణిత పండితుడు ఈ రూపంలో (2^1+1, 2^2+1, 2^4+1, 2^8+1, అలా ఘాతం రెట్టింపవుతూ) ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. 3, 5, 17 సరే, చూస్తేనే తెలుస్తుంది. 257, 65537లకి మామూలుగా అయితే వర్గమూలం దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి, కానీ ఇక్కడ ఒక అడ్డదారి ఉంది, దీన్ని కొంచెం నిదానంగా చదవండి. ఏదైనా ప్రధాన సంఖ్య 2^32+1ని భాగిస్తోంది అనుకుందాం. అంటే దాని లెక్కలో 2^32కి శేషం -1, వర్గం చేస్తే 2^64కి శేషం 1. అంతకన్నా ముందు ఏ ఘాతానికీ శేషం 1 రాదు, ఎందుకంటే వచ్చే మొదటి ఘాతం 64ని భాగించాలి, 64 కన్నా చిన్నదైతే 32ని కూడా భాగిస్తుంది, అప్పుడు 2^32కి శేషం 1 అవ్వాలి, మనకేమో -1 వచ్చింది. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేసిన ఘాతానికి కూడా శేషం 1 వస్తుంది, కాబట్టి ఆ సంఖ్యలోంచి 1 తీసేస్తే 64 ఎక్కంలో పడాలి. అంతే, వెతకాల్సినవి 64 ఎక్కానికి 1 కలిపినవి మాత్రమే. ఇదే లెక్కన 65537కి 32 ఎక్కం ప్లస్ 1, 257కి 16 ఎక్కం ప్లస్ 1.

257 వర్గమూలం 16 చిల్లర, 16 ఎక్కం ప్లస్ 1 మొదలయ్యేదే 17 దగ్గర, కాబట్టి భాగించి చూడాల్సింది ఏమీ లేదు, ప్రధాన సంఖ్యే. 65537 వర్గమూలం 256, అంతలోపు 32 ఎక్కం ప్లస్ 1లో ప్రధాన సంఖ్యలు 97, 193 రెండే. 97తో భాగిస్తే శేషం 62, 193తో అయితే 110. అయిపోయింది, రెండు భాగహారాలతో 65537 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

ఇక 4294967297. 64 ఎక్కం ప్లస్ 1లో ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641... పది అంకెల సంఖ్యని నేరుగా భాగించకండి, 65536 శేషం తీసుకుని, దాన్ని వర్గం చేసి, మళ్ళీ శేషం తీసి, ఒకటి కలపండి. 193కి 65536 శేషం 109, వర్గం 11881, దాని శేషం 108, ఒకటి కలిపితే 109, సున్నా రాలేదు, పోయింది. 257కి 2 మిగులుతుంది, 449కి 325, 577కి 288. ఇప్పుడు 641: 65536లోంచి 641×102=65382 తీసేస్తే 154. 154 వర్గం 23716. 641×37 ఎంతో చూడండి, 23717! సరిగ్గా ఒకటి తక్కువ, ఒకటి కలపగానే సున్నా. అంటే 641 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 6700417. ఆయిలర్ 1732లో ఈ కారణాంకం బయటపెట్టాడు, ఫెర్మా అనుకున్నది అక్కడితో కూలిపోయింది. ఐదో ప్రయత్నానికే దొరికే కారణాంకం దాదాపు తొంభై ఏళ్ళు ఎవరికీ కనపడలేదంటే ఎక్కడ వెతకాలో తెలియకపోవడమే కారణం, భాగహారం రాక కాదు కదా.

6700417 కూడా ప్రధాన సంఖ్యా కాదా అన్నది తేల్చాలి. దీని వర్గమూలం 2588 చిల్లర. తర్వాత కాలంలో లూకాస్ ఇంకో మెట్టు ఎక్కి 64 బదులు 128 ఎక్కమే సరిపోతుందని చూపించాడు, అది వాడుకుంటే 2588 లోపు మనకి మిగిలేవి 641, 769, 1153, 1409 నాలుగే (257ని ఇందాకే కొట్టేశాం). శేషాలు వరసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాలేదు, కాబట్టి ప్రధాన సంఖ్యే. మొత్తానికి

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు లేదు. ఈ ఒక్క లైను చేతిలో ఉంటే మిగతావన్నీ నిమిషాల మీద వస్తాయి. భాజకాలు ఎన్ని? ఒక్కో ప్రధాన సంఖ్యని తీసుకోవడమో వదిలెయ్యడమో, ఏడుసార్లు రెండేసి చాయిస్‌లు, 2^7 = 128 భాజకాలు. అవి 64 జతలు, ఒక్కో జతని కూడి సగం చేస్తే ఒక సంఖ్య, తీసివేసి సగం చేస్తే ఇంకో సంఖ్య, వాటి వర్గాల తేడా మన సంఖ్య అవుతుంది. అంటే దీన్ని రెండు వర్గాల తేడాగా సరిగ్గా 64 రకాలుగా రాయచ్చు, చదరంగం గళ్ళు కూడా 64 అవ్వడం మాత్రం ఉత్త కాకతాళీయం, దానికి అర్థాలు తీయకండి.

దీని కన్నా చిన్న సంఖ్యల్లో దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని అని అడిగితే, ప్రతి ప్రధాన సంఖ్యలోంచీ ఒకటి తీసేసి గుణించాలి: 2×4×16×256×640×65536×6700416. 640, 6700416 పక్కన పెడితే మిగతావన్నీ 2 ఘాతాలే, కలిపితే 2^31. మొత్తం 9208981628670443520. ఇది మన సంఖ్యలో సగానికి కొంచెం తక్కువ, 0.4992 వంతు. ఇందులో ఒక తమాషా ఉంది, 4294967297 ఫెర్మా అనుకున్నట్టు ప్రధాన సంఖ్యే అయ్యుంటే ఈ లెక్క 2^63 వచ్చేది, అంటే సగానికి వెంట్రుకవాసి ఎక్కువ. 641 దూరబట్టి సగం కిందకి జారింది.

వర్గాల మొత్తంగా రాయగలమా అనేది కారణాంకాలు లేకుండానే తేలుతుంది. చివరి మూడంకెలు 615ని 8తో భాగిస్తే శేషం 7. శేషం 7 వచ్చే ఏ సంఖ్యనీ మూడు వర్గాల మొత్తంగా రాయలేం, ఎందుకంటే ఏ వర్గాన్నైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే వస్తాయి, మూడింటితో 7 చెయ్యడం కుదరదు. నాలుగు వర్గాలు కావాల్సిందే, నాలుగు ఉంటే ఏ సంఖ్యకైనా చాలని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. ఇది వర్గ సంఖ్యా అన్న డౌట్ ఉంటే చివరి రెండంకెలు చూడండి, 5తో ముగిసే వర్గం 25తోనే ముగియాలి, ఇది 15, కాబట్టి కాదు.

కంప్యూటర్ వాళ్ళకి ఈ సంఖ్య బైనరీలో వరసగా 64 ఒకట్లు, 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణ సంఖ్య, మైనస్‌లు లేని రకంలో. దానికి ఒకటి కలిపితే అన్నీ సున్నాలైపోయి మళ్ళీ మొదటికొస్తుంది. కారణాంకాలు కూడా బైనరీలో కంటికే కనపడతాయి, 64 ఒకట్లని రెండేసి గుంపులు చేస్తే ప్రతి గుంపూ 11, అంటే 3, కాబట్టి 3 భాగిస్తుంది, నాలుగేసి చేస్తే 1111, అంటే 15, ఎనిమిదేసి అయితే 255.

ఈ పద్ధతి ప్రతి పెద్ద సంఖ్యకీ పనిచేస్తుందని మాత్రం అనుకోకండి. మనకి ఇంత సులువుగా విడిపోయింది 64ని సగాలు చేసుకుంటూ పోవచ్చు కాబట్టి. ఘాతమే ప్రధాన సంఖ్య అయితే పట్టుకోడానికి కొసే దొరకదు. 2^61-1 అసలు ప్రధాన సంఖ్యే. 2^67-1 ప్రధాన సంఖ్య కాదు, కానీ దాని కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1903లో ఒక సభలో బోర్డు మీద గుణించి చూపించేదాకా ఎవరికీ తెలీదు, ఆయనకి అది మూడేళ్ళ ఆదివారాలు పట్టిందట.

మీరు సొంతంగా చెయ్యాలనుకుంటే 2^48-1 తీసుకోండి, అంటే 281474976710655. వర్గాల తేడాతో మొదలుపెట్టి 2^24+1 దగ్గరికి రాగానే కాస్త ఆగండి, దాన్ని 256 ఘనం ప్లస్ 1గా చూస్తే 257 బయటికొస్తుంది, మిగిలిన 65281కి 48 ఎక్కం ప్లస్ 1లో వెతకండి. 4097కి 24 ఎక్కం ప్లస్ 1లో వెతికితే 241 దొరుకుతుంది, 17 మాత్రం ఆ ఎక్కంలో పడదు, అది 2^12+1ని 16 ఘనం ప్లస్ 1గా చూస్తే వస్తుంది. జవాబు 3² × 5 × 7 × 13 × 17 × 97 × 241 × 257 × 673, ఇందులో 3 రెండుసార్లు ఉంది కాబట్టి భాజకాలు లెక్కేసేటప్పుడు దానికి మూడు చాయిస్‌లు, మిగతా ఎనిమిదింటికీ రెండేసి, మొత్తం 768 రావాలి.